అనంతపురం ఎండలో కూరగాయల మడికి చోటు ఎలా ఎంచుకోవాలి

ఇల్లు కట్టుకున్నాక మిగిలిన చోట మడి వేయడం మనకు అలవాటు. బండి పెట్టగా, బోరు మోటారు పెట్టగా, బట్టలు ఆరేసే తీగ కట్టగా ఏ మూల మిగిలితే ఆ మూల మొక్కలకు దక్కుతుంది. మొదటి ఏడాది నేనూ అట్లే చేశాను. పడమటి ప్రహరీ వారగా, నాపరాళ్ళు పరిచిన చోటు పక్కన ఆరు టమాటా మొక్కలు, నాలుగు వంగ మొక్కలు నాటాను. మార్చి దాకా కళకళలాడాయి. ఏప్రిల్ వచ్చేసరికి టమాటా పూత పూసినట్టే పూసి రాలిపోవడం మొదలైంది. బలం చాలలేదేమోనని ఎరువు వేశాను. దప్పికేమోనని రెండు పూటలా నీళ్ళు పోశాను. ఒకరోజు పొద్దు మునిగి గంటయ్యాక పక్కింటి అవ్వ వచ్చి, గోడ మీద అరచెయ్యి ఆనించి, "ఇట్ల చెయ్యి పెట్టి చూడు నాయనా, పెనం మాదిరి కాలతాంది. దీని పక్కన నువ్వైనా నిలబడతావా?" అంది.

అవ్వ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పగలు ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పూత పిందె కట్టదు. మధ్యాహ్నం నుంచి ఎండ తాగిన రాతి గోడ రాత్రి సగం దాకా ఆ వేడిని మొక్క మీదికే వదులుతుంది. మరుసటి ఏడాది విత్తనం అదే, ఎరువు అదే, చోటు మాత్రం ఇంటికి తూర్పున. ఏప్రిల్ చివరి దాకా కాయలు కోసుకున్నాం.

ఏటా 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, మే నెలలో 42 డిగ్రీలు మామూలైపోయిన చోట, మడికి చోటు ఎంచడం అంటే సగం పంట పండించడమే. విత్తనాలు కొనే ముందు ఈ పనికి మూడు నాలుగు వారాలు కేటాయించండి. కర్నూలు, కడప వాళ్ళకు కూడా ఇందులో చాలావరకు వర్తిస్తుంది. నేల దగ్గర మాత్రం తేడా ఉంది, అది కింద చెబుతాను.

ముందు నీడను గీయండి

మొక్కలకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ కావాలని ఏ వీడియో చూసినా చెబుతారు. అది సరైన మాటే. ఆ ఎండ ఏ పూటది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. చలి దేశాల వాళ్ళు ఎండను వెతుక్కుంటారు. మనం పొద్దున ఎండను పట్టుకుని, మధ్యాహ్నం రెండు దాటిన ఎండ నుంచి తప్పించుకోవాలి.

ఒక సెలవు రోజు చూసుకోండి. పొద్దున 8, 10, మధ్యాహ్నం 12, 2, సాయంత్రం 4 గంటలకు దొడ్లోకి వెళ్ళి, ఇంటి నీడ, గోడ నీడ, చెట్టు నీడ ఎక్కడిదాకా వచ్చాయో ముగ్గుపిండితో నేల మీద గీత గీయండి. ఒక్కో గీత పక్కన గంట రాయండి. సాయంత్రానికి మీ దొడ్డి మీద ఒక పటం తయారవుతుంది. ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, గాలికి ముగ్గు చెరిగిపోతుంది.

ఒక్కరోజు గీతలు ఏడాది మొత్తానికి సరిపోవు. అనంతపురం దాదాపు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే సూర్యుడు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి, సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఈ రెండింటి నడుమ, మే, జూన్, జూలై నెలల్లో, మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరాన ఉంటాడు. జూన్‌లో 10 అడుగుల గోడ నీడ మధ్యాహ్నం దక్షిణం వైపు అడుగున్నర పడుతుంది, అంతే. అదే గోడ నీడ డిసెంబరులో ఉత్తరం వైపు దాదాపు 8 అడుగులు సాగుతుంది. అంటే ఇంటికి ఉత్తరాన ఉన్న చోటు వేసవిలో పొద్దున్నా సాయంత్రం కూడా ఎండలో ఉండి, చలికాలంలో పగలంతా నీడలో ఉండిపోతుంది. మొక్కకు కావలసిందేమో దీనికి సరిగ్గా తలకిందులు. ఉత్తరం వైపు ఒక్కటే ఖాళీ ఉన్నవాళ్ళు గోడకు కనీసం పది అడుగుల ఎడం వదిలి మడి వేయండి. ఆ ఎడంలో పుదీన, కరివేపాకు పెట్టుకోవచ్చు.

నా లెక్కలో మనకు మంచిది ఇంటి తూర్పు. గోడ, పిట్టగోడ కలిపి 13 అడుగుల ఎత్తున్న ఇల్లు అనుకోండి. మే మొదట్లో మధ్యాహ్నం 2.15 ప్రాంతంలో దాని నీడ తూర్పుకు 7 అడుగులు వస్తుంది. 3.15కు 12 అడుగులు. కాబట్టి గోడకు 3 అడుగుల నుంచి 10 అడుగుల మధ్యన ఉన్న మడికి పొద్దు పొడిచినప్పటి నుంచి గోడ వైపు అంచున ఒంటిగంట దాకా, అవతలి అంచున దాదాపు మూడు దాకా ఎండ తగులుతుంది. తర్వాత నీడ. ఏడు నుంచి తొమ్మిది గంటల ఎండ అందుతుంది, మాడిపోయే ఎండ తప్పుతుంది. ఇంకో విషయం, మన దగ్గర వేసవిలో సూర్యుడు నడినెత్తికి చేరేది 12.15 దాటాకే. అందుకే 12 గంటల గీత చూసి మోసపోకండి, అసలు మంట దాని తర్వాతే మొదలవుతుంది.

దక్షిణం వైపు చోటు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలా బాగుంటుంది. టమాటా, క్యాబేజీ, బీన్స్, క్యారట్ వేసుకునేది ఆ కాలంలోనే కదా. వేసవిలో దానికి ఎండను సగం ఆపే 50 శాతం షేడ్‌నెట్ కట్టాలి. పడమర ఒక్కటే ఖాళీ ఉంటే మానేయమని నేను చెప్పను. పడమటి ప్రహరీ గోడకు నాలుగైదు అడుగులు ఎడం ఉంచి, ఆ గోడ వారగా అవిశ గానీ ఆముదం గానీ వరసగా వేయండి. వాటి నీడ మడి మీద పడుతుంది, గోడ వేడిని అవే ముందు తింటాయి. నాపరాళ్ళు పరిచిన వాకిలి, సిమెంటు బాట, రేకుల షెడ్డు ఇవన్నీ గోడలాంటివే. వాటికి ఆనుకుని మడి వద్దు.

చోటు తక్కువగా ఉండి, రోజుకు మూడు నాలుగు గంటలే ఎండ వస్తుంటే పాలకూర, కొత్తిమీర, మెంతికూర, చుక్కకూర వేసుకోండి. వేసవిలో వీటికి అదే మేలు. బెండ, గోంగూర, మిరప, గోరుచిక్కుడుకు మాత్రం నిండు ఎండ చోటే ఇవ్వాలి. మన పల్లెల్లో మటిక్కాయ అనే ఆ గోరుచిక్కుడు ఎండకు అంత తొందరగా లొంగదు.

తర్వాత నీళ్ళు: బిందెతో నడిచి చూడండి

చోటు ఎంత బాగున్నా నీళ్ళు దూరమైతే జూన్ నాటికి ఆ మడి ఎండిపోతుంది. ఎందుకో చిన్న లెక్క వేద్దాం. ఒక మిల్లీమీటరు నీళ్ళు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. మన ఏప్రిల్, మే ఎండలకు కూరగాయల మడి రోజుకు 5, 6 మిల్లీమీటర్లు సులభంగా తాగుతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న మడి అంటే 9 చదరపు మీటర్ల పైచిలుకు. రోజుకు 50 లీటర్లు దాటుతుంది. 15 లీటర్ల బిందెతో నాలుగు తడవలు. ఇది ఒక్కరోజు సంగతి, ఎండలు ముదిరిన రెండు నెలలూ ఇదే పని.

అందుకే మీరు అనుకున్న చోటికి కుళాయి దగ్గర నుంచి నిండు బిందె మోసుకుని నాలుగుసార్లు నడిచి చూడండి. ఇంట్లో రోజూ నీళ్ళు పోసేది ఎవరో వాళ్ళే నడవాలి. అమ్మ పోస్తుందంటే అమ్మ నడిచి చూసి చెప్పాలి. పైపు వేస్తాంలే అనుకుంటే పైపు కొని, పరిచి, నీళ్ళు ఆ చివరిదాకా ఎంత జోరుగా వస్తున్నాయో చూశాకే చోటు ఖాయం చేయండి. రెండు మూడు రోజులకోసారి కుళాయి వచ్చే వీధుల్లో ఉన్నవాళ్ళు డ్రమ్ము పెట్టే చోటును కూడా ఇప్పుడే అనుకోవాలి. డ్రమ్ము మడి కన్నా అడుగు ఎత్తున ఉంటే నీళ్ళు వాటంతట అవే దిగుతాయి.

నీళ్ళ రుచి కూడా చూడాలి. మన జిల్లాలో చాలా బోర్లలో ఉప్పు ఎక్కువ. ఉప్పు ఎంతుందో చూసే చిన్న టీడీఎస్ మీటరు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉంది. 1000 దాటితే బీన్స్, ఉల్లి, క్యారట్ కష్టపడతాయి. టమాటా, పాలకూర అంతకన్నా కొంత ఓర్చుకుంటాయి, బీట్‌రూట్ ఇంకా గట్టిది. ఫిల్టరు మిషను బయటికి వదిలే నీళ్ళు వృథా అవుతున్నాయని మడికి మళ్ళించకండి. బోరు నీళ్ళలోని ఉప్పు అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు హాయిగా పోయండి. బట్టలు ఉతికిన సబ్బు నీళ్ళు ఏళ్ళ తరబడి పడితే నేల చౌడు మాదిరి బిగుసుకుపోతుంది.

మిద్దె మీది వాన నీళ్ళు దిగే గొట్టం ఎక్కడుందో కూడా చూడండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్లకు పైగా దిగుతాయి. సెప్టెంబరులో మనకు వాన ఎక్కువ, ఆ నీళ్ళు మడి పక్కన ఒక గుంతలోకి ఇంకేలా ఉంటే నేల నెలల తరబడి చల్లగా ఉంటుంది. గొట్టం నేరుగా మడిలోకి దూకకూడదు, మట్టి కొట్టుకుపోతుంది.

నేల: గడ్డపార చెప్పేది వినండి

ఒక వాన పడ్డాక గానీ, లేకపోతే ముందు రోజు రాత్రి రెండు బిందెలు పోసి నాననిచ్చి గానీ, గడ్డపారతో తవ్వండి. అడుగున్నర లోతు దిగితే చాలా మంచి చోటు. అడుగు దిగినా పని జరుగుతుంది. ఆరు అంగుళాలకే టంగుమని గరుసు తగిలితే ఇంకో చోటు వెతకండి. మన ఎర్ర నేలల్లో పది అడుగుల దూరంలోనే లోతు మారిపోతుంటుంది, అందుకే ఒక్క గుంతతో తేల్చేయకండి, మూడు నాలుగు చోట్ల చూడండి.

కొత్త కాలనీల్లో ఉన్నవాళ్ళు ఇక్కడ ఎక్కువ జాగ్రత్త పడాలి. ప్లాటు ఎత్తు పెంచడానికి తోలిన మొరం, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు, సున్నం పైపొర కింద దాగి ఉంటాయి. తవ్వినప్పుడు బూడిద రంగు గడ్డలు కనిపిస్తే ఆ మట్టి కొంచెం గిన్నెలో తీసుకుని మీద వెనిగర్ పోయండి. బుసబుసమని నురుగు వస్తే సున్నం ఎక్కువని అర్థం. నేల సహజంగా సుద్ద నేల అయినా ఇలాగే నురుగు వస్తుంది. అలాంటి చోట మొక్కకు ఇనుము అందదు, లేత ఆకులు పసుపుపచ్చబడి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. శెనక్కాయ వేసిన రైతులకు ఈ జబ్బు బాగా తెలుసు.

ఇప్పుడు నీళ్ళు ఇంకే పరీక్ష. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నిండా నీళ్ళు పోయండి. ఇంకిపోనివ్వండి. మళ్ళీ నింపి, ఒక పుల్ల గుచ్చి నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. గంట తర్వాత చూడండి. ఒకటి నుంచి మూడు అంగుళాలు దిగితే నిశ్చింత. నాలుగు అంగుళాలు దాటి దిగితే ఇసుక ఎక్కువ, పశువుల ఎరువు బాగా కలపాలి, లేకపోతే పోసిన నీళ్ళన్నీ కిందికి పోతాయి. అంగుళం కూడా దిగకపోతే కింద గట్టి పొర ఉందో, నల్లరేగడి ఉందో, చౌడు ఉందో తెలుసుకోవాలి.

చౌడు పట్టుకోవడానికి నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. ఎండిన మట్టిగడ్డ ఒకటి, శెనగగింజంత, గాజు గ్లాసులోని వాన నీళ్ళలోగానీ ఫిల్టరు నీళ్ళలోగానీ మెల్లగా వేయండి. కదపకండి. గడ్డ విడిపోయి నీళ్ళు తేటగానే ఉంటే మంచిది. గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మి, రెండు గంటలకూ తేరుకోకపోతే నేలలో సోడియం ఎక్కువ ఉందన్నమాట. బోరు నీళ్ళతో ఈ పరీక్ష చేయకూడదు, అందులోని ఉప్పులు ఆ మబ్బును రానివ్వవు. చౌడు తేలితే జిప్సం వేసి బాగుచేసే దారి ఉంది. అయితే పక్కనే మంచి నేల ఉండగా ఆ యాతన ఎందుకు?

అనుమానం ఉంటే మట్టి పరీక్షకు పంపండి. మడి అంతటా ఎనిమిది పది చోట్ల ఆరు అంగుళాల లోతున వీ ఆకారంలో గుంత తీసి, పక్క నుంచి పలచగా మట్టి గీరి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకు తెచ్చి నీడలో ఆరబెట్టండి. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి. అనంతపురం దగ్గర రెడ్డిపల్లి, కడప దగ్గర ఊటుకూరు, కర్నూలు జిల్లాలో బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాల వాళ్ళను అడిగినా దారి చూపిస్తారు.

ఎర్ర నేలకు గుంత, నల్ల నేలకు గట్టు

ఇది నేను గట్టిగా నమ్మే విషయం. చుట్టూ ఇటుకలు పేర్చి, మట్టి నింపి ఎత్తు మడులు కట్టడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు. వాన ఎక్కువ పడే చోట, నీళ్ళు నిలిచే చోట అది మంచి పద్ధతి. మన ఎర్ర నేలలో ఎత్తు మడి నాలుగు వైపులా ఎండ తాగి, గాలికి ఆరి, రెట్టింపు నీళ్ళు అడుగుతుంది. ఇక్కడ మడిని నేల మట్టానికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందికి దించండి. తీసిన మట్టితో చుట్టూ చిన్న కట్ట వేయండి. పోసిన ప్రతి చెంబూ లోపలే ఉంటుంది, పడిన ప్రతి చినుకూ లోపలికే వస్తుంది. వాన పడ్డాక ఎర్ర నేల పైన పెచ్చు కడుతుంది కాబట్టి మొలకలు వచ్చేదాకా శెనక్కాయ పొట్టో, ఎండుగడ్డో పలచగా పరిచి ఉంచండి.

కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి ఉన్నవాళ్ళు, మా జిల్లాలో తాడిపత్రి వాళ్ళు, కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాళ్ళు దీనికి వ్యతిరేకంగా చేయాలి. తడి మట్టిని వేళ్ళ మధ్య నొక్కితే రిబ్బను మాదిరి రెండు అంగుళాలు దాటి సాగిందంటే అది మీ నేలే. సెప్టెంబరు, అక్టోబరు వానలకు అందులో నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు ఎత్తు చేసి, మడుల మధ్య కాలువ వదలండి. దొడ్లో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటును వదిలేయండి.

గాలి, చెట్లు, మేకలు

రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి మన వైపు ఎంత జోరుగా వీస్తుందో మీకు తెలుసు. బీర, సొర పందిళ్ళు ఆ గాలికే కూలుతాయి. పడమర, నైరుతి వైపు ఏదో ఒక అడ్డు ఉన్న చోటు చూడండి. అడ్డు అంటే నిండు గోడ కాదు. నిండు గోడను దాటిన గాలి అవతల సుడి తిరిగి కిందికి కొడుతుంది. సందులున్న తడిక, కంప కంచె, దగ్గరగా వేసిన జొన్న వరసలు, అవిశ చెట్లు గాలిని జల్లెడ పట్టి వదులుతాయి. ఆరు అడుగుల తడిక వెనుక నలభై అడుగుల దాకా ఆ మేలు అందుతుంది.

వేప, చింత, కానుగ కింద మడి వద్దు. నీడ ఒక్కటే కారణం కాదు, వేళ్ళు కొమ్మల అంచు దాటి చాలా దూరం పాకి మీరు పోసే నీళ్ళన్నీ లాగేస్తాయి. మునగ మాత్రం పడమర వైపు పది అడుగుల ఎడంలో ఉంటే మంచిదే, దాని నీడ పలచన. సెప్టిక్ ట్యాంకుకు కనీసం 15 అడుగులు దూరం జరగండి. తుంగ దట్టంగా ఉన్న చోటు తడి ఉన్న చోటే, అయినా ఎంచుకోకండి. ఆ గడ్డలు తవ్వి తీయడానికి ఏళ్ళు పడుతుంది.

మేకలు, కోతులు, నెమళ్ళు తిరిగే వీధి అయితే వంటింటి కిటికీలోంచి కనిపించే చోటుకు నేను ఒక మార్కు ఎక్కువ వేస్తాను. కనిపించే మడికి కాపలా దానంతట అదే జరుగుతుంది. ఆకుల కింద పురుగు కూడా ముందే కంటబడుతుంది.

చివరగా మొక్కలనే అడగండి

ఇన్ని చూశాక మీ దగ్గర రెండో మూడో చోట్లు మిగులుతాయి. వాటిలో ఒక్కోచోట రెండడుగుల మేర తవ్వి, గుప్పెడు అలసందలు, గుప్పెడు జొన్నలు చల్లండి. మూడింటికీ ఒకే కొలత నీళ్ళు, రోజుకు ఒకటే చెంబు. ఎరువు వేయకండి. ఎండలోనూ నాలుగైదు రోజుల్లో మొలకలు వస్తాయి. మూడు వారాలు చూడండి. మధ్యాహ్నం మూడింటికి ఏ చోట ఆకులు వాలుతున్నాయి, పొద్దున ఏడింటికి ఏ చోటివి తేరుకుంటున్నాయి అన్నది రాసుకోండి. సాయంత్రం వాలినవి పొద్దునకు నిటారుగా నిలబడితే భయం లేదు. పొద్దునకూ తేరుకోనివి ఉన్న చోటును కొట్టేయండి. తర్వాత ప్రతి చోట రెండు మొక్కలను వేళ్ళతో సహా పెకలించి పక్కపక్కన పెట్టండి. వేళ్ళు నిలువుగా దిగాయా, గట్టి పొర తగిలి పక్కకు మళ్ళాయా అన్నది కంటికే కనిపిస్తుంది.

ఈ పని మే మొదటి వారంలో మొదలుపెడితే రోహిణి కార్తె వచ్చేసరికి చోటు తేలిపోతుంది. అప్పుడు తాడు పట్టి గీత గీయండి. వెడల్పు నాలుగు అడుగులు దాటనివ్వకండి, రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి. ఒక వైపే దారి ఉంటే రెండు అడుగులు చాలు. నేల వాలుగా ఉంటే మడి పొడవు వాలుకు అడ్డంగా ఉండాలి. తవ్విన మట్టిలో చివికిన పశువుల ఎరువు కలిపి, మీద ఎండుగడ్డి కప్పి, రోజూ ఒక బిందె నీళ్ళు చిలకరిస్తూ ఉండండి. మృగశిరలో మొదటి వాన పడిన మరునాడు ఆ గడ్డి పక్కకు తీసి బెండ, గోంగూర విత్తండి.